పెంటపురుగు అన్నందుకు

గూడూరు

టీచర్ సంగీత గారికి,

మీ ఎదుటికి వస్తే నాకు నోరు పెగలదు. మూడు రోజులుగా మా మనవరాలు కెజియా బడికి పోనంటోంది కాబట్టి కలం పట్టాను.

రైతుకు సాయం చేసే జీవి ఏదో చూపించమన్నది మీరే. అందరూ ఎద్దు బొమ్మ గీసి తెస్తే, మా పిల్ల చెలకలో దొరికిన పేడపురుగును అగ్గిపెట్టెలో తెచ్చింది. "ఛీ, అవతల పారెయ్! పెంటపురుగును పట్టినోళ్లు గూడ పెంటపురుగులే" అని మీరన్నారట. ఇప్పుడు తరగతంతా ఆమెను ఆ పేరుతోనే పిలుస్తోంది. "అవ్వా, నేను పెంటపురుగునా?" అని అడిగింది.

టీచరమ్మా, మీ వాకిట్లో రోజూ సాంపి చల్లేది మా బర్రెల పేడతోనే. అది మీకు అసహ్యం కాలేదు గదా! ఆ పురుగు పేడను ఉండ చేసి, దొర్లించుకుపోయి, మట్టిలో పూడ్చి గుడ్డు పెడుతుంది. నేల గుల్లబారుతుంది, వేళ్లకు ఎరువు అందుతుంది, ఈగలు తగ్గుతాయి. దేవుడు దానికి అప్పగించిన పని అది. పిల్ల చెప్పబోయింది ఇదే. మీరు చెప్పనివ్వలేదు.

సోమవారం పిల్లను నేనే తీసుకొస్తాను. అందరి ముందు నిలబెట్టి ఆ పురుగు సంగతి చెప్పించండి.

ఈ కాగితం మీ దగ్గరే ఉంచుకోండి, పెద్దసారుకు చూపించవద్దు. ఆయన మిమ్మల్ని పిల్లల ముందే కోప్పడతారు. పదిమందిలో చిన్నబోయిన మనిషి ఎలా ఉంటుందో మా ఇంట్లో చూస్తున్నాను. అది మీకు వద్దు.

కెజియా వాళ్ల అవ్వ