సగంలో ఆగిన గాలి పేరు

జూలై 14, మంగళవారం

పొద్దున కాలేజీ ల్యాబ్ తలుపు మీద కాగితం చూసి ఆగిపోయాను. రేపు పది గంటలకు కంప్యూటర్లన్నీ ఫార్మాట్ చేసి, వాటిలో ఉన్నదంతా చెరిపేస్తారట. నా ఫోన్ పాడయ్యాక నాన్నమ్మ మాటల రికార్డింగులు అక్కడ మాత్రమే మిగిలాయి.

"ఇక్కడ పెన్‌డ్రైవులు పనిచేయవమ్మా. నెట్‌వర్క్‌లో పంపుకోండి," అన్నారు ల్యాబ్ సార్.

నల్లటి తెర మీద ఎస్‌సీపీ అనే కాపీ కమాండు కొట్టి, పక్కనే ఫోల్డరు పేరు, నా ల్యాప్‌టాప్ అడ్రసు టైప్ చేశాను. ఆ ఒక్క వరుసకే ఫైళ్లన్నీ కదిలాయి. చివరిది సగంలో ఉండగా కరెంటు పోయింది. ఎంతకీ రాకపోయేసరికి సార్ తాళం వేసేశారు.

ఇంటికొచ్చి ఆ సగం ఫైలు నాన్నమ్మకు వినిపించాను. తాతయ్యతో చేపల వేటకు వెళ్లిన రోజుల్లో, తెల్లవారుజామున పడవను వెనక్కి తోసే గాలిని 'అలిగిన కోడలు' అనేదట. "సాయంత్రం గాలినేమో..." అంటూండగా రికార్డింగులో గొంతు ఆగిపోయింది.

"ఏంటే, నా నోరు మధ్యలో మూయించేశావు?" అంది.

"సాయంత్రం గాలిని ఏమనేదానివి నాన్నమ్మా?"

"ఏదో అనుంటాను. ఇప్పుడెక్కడ గుర్తు?"

నాకూ గుర్తులేదు. విని నవ్వానని మాత్రం గుర్తుంది. రేపు కాలేజీ ఉన్న పాలకొల్లుకు మొదటి బస్సెక్కి, సార్ తాళం తీసేసరికి గుమ్మం దగ్గరుండాలి. ముందు ఆ ఒక్క ఫైలు పంపాలి. చివరిదాకా విన్నాకే అక్కణ్ణుంచి లేవాలి.