జమ్ము కదిలిన చోట

కోడూరు

ప్రియమైన సుగుణకు,

ప్రభువు పేరిట వందనాలు. నువ్వు అక్కడ ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమమని ఎప్పటిలా రాయబోయి ఆగిపోయాను. కెజియా క్షేమం. దగ్గు తగ్గింది, బడికి వెళ్తోంది.

ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. నీ పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, నీకు ఏడవడానికి కూడా వీలుండదు. అందుకే కువైట్ వస్తున్న మొవ్వ రాజకుమారి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు చదువుకో.

పోయిన ఉత్తరంలో ఇల్లు కురుస్తోందా అని అడిగావు. పొయ్యి ఉన్న మూల కురుస్తోంది. పొయ్యి ఇటు జరిపాను. వేరుశనగ చేతికొచ్చిందా అని అడిగావు. రాలేదు. మీ అన్నయ్య రాజీవ్ బావ ఫోను ఎందుకు ఎత్తడం లేదనీ అడిగావు. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను. అయితే ముందు పందుల గురించి చెప్పాలి.

ఈసారి అడవి పందులు మడ అడవి దాటి ఊరి దాకా వచ్చేశాయి. బావ చేలో సగం కుళ్ళగించి పోయాయి. రైతులంతా కలిసి గుడివాడ నుంచి ఈశ్వరప్రసాద్ గారిని పిలిపించారు. ఆయనకు లైసెన్సు తుపాకి ఉంది, పందుల్ని కాల్చడానికి అనుమతి కూడా తెచ్చుకున్నాడు. ఇసకలో పంది అడుగు నాకు తెలుసు కదా, దారి చూపించే పని నాకు అప్పగించారు. నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

ఈస్టరు వెళ్ళిన వారం అది. కాలం కాని కాలంలో ముసురు పట్టింది. తెల్లవారగానే బావతో కలిసి ముగ్గురం బయలుదేరాం. మురుగు కాలవ ఒడ్డున తాజా అడుగులు చూపించాను. ఈశ్వరప్రసాద్ గారూ నేనూ గట్టు చాటున కూర్చున్నాం. బావ కాలవ అవతలే ఉండిపోయాడు. వాన గట్టిగా పట్టుకుంది. పది బారల దూరంలో ఏముందో కనపడలేదు. జమ్ము గడ్డిలో నల్లగా ఏదో కదిలింది.

"హనోకూ, పందేనా?" అన్నాడాయన.

"పందేనండి. కొట్టండి" అన్నాను.

పంది కాదు సుగుణా. మీ అన్నయ్య. పందిని మా వైపు తోలుదామని కాలవ దిగి వచ్చాడు. వానకి తలమీద నల్ల టార్పాలిన్ పట్టా కప్పుకున్నాడు. ఆ అరుపు విన్నాక నేను ఎలా పరిగెత్తానో నాకు గుర్తు లేదు.

బావ బతికే ఉన్నాడు. ఈ మాట ముందే రాయాల్సింది, నా బుద్ధి పని చేయడం లేదు. మంచం మీద రోడ్డు దాకా మోశాం. బురదలో ఆటో దిగబడితే తోశాం. అవనిగడ్డలో చూసి బందరు తీసుకెళ్ళమన్నారు. బందరు ఆసుపత్రిలో కుడి కాలు మోకాలి పైదాకా తీసేశారు.

ఇంకొకటి ఉంది. అది రాయలేక ఇందాక రెండుసార్లు లేచి బయటికి వెళ్ళాను.

ఆసుపత్రి వరండాలో ఈశ్వరప్రసాద్ గారు నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు కొట్టమన్నావని నేను అనను, నేను నిన్ను అడిగానని నువ్వు అనొద్దు. అతనే చెప్పకుండా అడ్డం వచ్చాడని ఇద్దరం ఒకే మాట చెబుదాం" అన్నాడు. నేను "అలాగేనండి" అన్నాను. పోలీసులకి అలాగే చెప్పాను. జమ్ములోకి వెళ్ళొద్దని ఎంత చెప్పినా వినలేదని కూడా అన్నాను. నేను అసలు చెప్పలేదు. బయలుదేరేటప్పుడు వానలో అంతా ఒకరి మీద ఒకరు అరుచుకున్నాం, అంతే.

బావకి ఆ మాట తెలిసింది. నేను మంచం దగ్గరికి వెళ్తే, "నేను వినలేదా హనోకూ?" అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడటం లేదు, నీ ఫోను కూడా అందుకే ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. అప్పటినుంచి నాకు అన్నం లోపలికి వెళ్ళడం లేదు. కాలవ గట్టు మీద ఊరికే నిలబడి నీళ్ళకేసి చూస్తుంటే కెజియా వచ్చి చొక్కా పట్టుకుని లాగింది. భయపడకు, ఇప్పుడు అటు వెళ్ళడం లేదు.

రేపు స్టేషనుకి వెళ్ళి నిజం చెబుతాను. ఈ మధ్యాహ్నం వాణక్క బావకి బట్టలు తీసుకెళ్ళడానికి వస్తే చెప్పాను.

"లోపల పెడతారా?" అంది మీ వదిన.

"పెట్టొచ్చక్కా."

"మరి పిల్లో?"

ఆమె లోపలికి వచ్చి దండెం మీది కెజియా బట్టలు తీసి మడత పెట్టి తన సంచిలో పెట్టుకుంది.

"నీ మొహం చూడాలని లేదు నాకు. ఆయన దగ్గర మా అమ్మ ఉంటుంది. పిల్ల నా దగ్గర ఉంటుంది" అంది.

కెజియా నా వైపు చూసింది. "అత్తతో వెళ్ళమ్మా" అన్నాను. ఒకటే గొడుగు ఉంది. మీ వదిన దాన్ని పిల్ల మీదికే వంచి పట్టుకుని, తాను తడుస్తూ వెళ్ళింది. మలుపు తిరిగే దాకా చూస్తూ నిలబడ్డాను.

ఇట్లు,
కెజియా నాన్న,
హనోకు