బెల్టు మీద పేరు

మార్చి 28

రవి డైరీ ఇది. క్రికెట్ లీగు వాళ్లు పంచితే ఇంటికి తెచ్చుకున్నాడు. ప్రతి పేజీ అడుగున కూల్‌డ్రింకు కంపెనీ పేరు, ఎర్రగా. ముందు పేజీల్లో వాడి రాత... ఏ చౌరస్తాలో ఏ హోర్డింగు, ఎన్ని అడుగులు, ఎన్ని తాళ్లు, పని ఇచ్చే ఠేకేదార్ ఫోన్ నంబరు. మార్చి పన్నెండు తర్వాత ఖాళీ.

ఖాళీగా ఎందుకుండాలి. నాలుగో తరగతి దాకా చదివాను. వచ్చినంత రాస్తాను. ఎవరికీ చూపించను.

దినాలు అయిపోయాయి. చుట్టాలు వెళ్లిపోయారు. మా ఆయన ఇవాళ నార్పోలి మగ్గాల కార్ఖానాకు పోయాడు. ఇంట్లో నేనూ, గోడ మీద కొడుకూ.

మార్చి 29

ధామన్కర్ నాకా చౌరస్తా మీదుగా పోవాల్సి వచ్చింది. తల వంచుకునే పోదామనుకున్నాను. ఎత్తాను.

హోర్డింగు అట్లాగే ఉంది. క్రికెట్ ఆటగాడు సీసా పట్టుకుని నవ్వుతున్నాడు. కింద ఎడమ మూల ముడత. ఆ మూల తాడు లాగుతూనే రవి పడ్డాడు. పక్కన ఉన్నది అల్లుడు సదానందమే. దవాఖానకు మోసుకుపోయిందీ అతనే. మిగిలిన తాళ్లు వేరేవాళ్లతో అదే సాయంత్రం కట్టించారట, తెల్లారితే లీగు మొదలు కాబట్టి.

ముడత మాత్రం తీయలేదు.

ఏప్రిల్ 2

కామత్‌ఘర్ ఆడవాళ్లకు పని వచ్చింది. జెండాల మూటలు. కుట్టిన జెండాకు వేలాడే దారాలు కత్తిరించి మడత పెట్టాలి. లీగు జెండాలే. ఆట చూడ్డానికి వచ్చినవాళ్లకు ఊరికే పంచుతారు, ఊపడానికి.

కూతురు లత వచ్చి మూట చూసి గుమ్మంలోనే నిలబడింది.

"గియ్యి నువ్వు పట్టకే అమ్మా. వేరే మాల్ అడుగు."

"వేరే మాల్ లేదట బిడ్డా. జెండా ఏం జేసింది?"

బట్ట ముట్టుకోగానే తెలిసింది, మన నార్పోలిదే. పోగు లాగి మెలిపెట్టి చూశాను. పుట్టినింట్లో మగ్గం, మెట్టినింట్లో మగ్గం... బట్ట చేతికొస్తే గోటితో గీకకుండా ఉండలేను. పెళ్లిచూపులప్పుడు మా అత్త నన్ను పాట పాడమనలేదు. రెండు చీర ముక్కలు ముందు పడేసి, "ఏది ఎక్కువ కాలం ఆగుతదో చెప్పే" అన్నది. చెప్పాను. ఆ మాట మీదే పెళ్లి ఖాయమైంది.

ఇప్పటికీ వాడకట్టులో ఎవరు చీర కొన్నా ముందు నా చేతిలో పెడతారు.

ఏప్రిల్ 5

లీగు సాహెబు వచ్చాడు, ఠేకేదార్‌ను వెంటబెట్టుకుని. తెల్ల చొక్కా. బూట్లు బయటే విడిచాడు, అంత మర్యాద. హిందీలో మాట్లాడాడు, 'మాజీ' అంటే అమ్మా అని; మిగతాది నేను మన మాటలో రాసుకుంటున్నాను.

పదిహేనో తారీఖు ముంబైలో ఆట ఉందట. ఆటకు ముందు రవి పేరున ఒక నిమిషం అందరూ లేచి నిలబడతారట. నేనూ, మా ఆయనా మైదానంలో ఉండాలట. కంపెనీ కోరిక అట.

మా ఆయన గోడ దిక్కు చూస్తూ కూర్చున్నాడు. నేనే అడిగాను.

"సాహెబ్, మా పిలగానికి పడకుంట నడుముకు బెల్టు ఎందుకియ్యలే?"

"అది లీగు చూసుకునేది కాదు మాజీ, ఠేకాల వస్తది."

ఠేకేదార్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నాకిచ్చే రేటుల అది పట్టదు అక్కా."

అప్పుడు సాహెబు నాకు ఓపికగా చెప్పాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు. కంపెనీ పైసలిస్తుంది. లీగు ఖర్చు పెడుతుంది. జెండాలకు, టోపీలకు, పటాకులకు, పరదేశం నుంచి వచ్చి డ్యాన్స్ చేసే పిల్లలకు, మైదానం మీద ఎగరేసే పెద్ద గాలి బుగ్గకు. దేనికి పెట్టినా దాని మీద కంపెనీ పేరు ఉండాలి, టీవీలో పడాలి. పేరు ఎంతసేపు కనిపించిందో ఆఫీసులో ఒక మనిషి కూర్చుని రాసుకుంటాడట.

"బెల్టు ఎవరికి కనిపిస్తది మాజీ?"

చెడ్డ మనసుతో అనలేదు. చాయ్ తాగుతూ అన్నాడు.

రానని చెప్పి పంపించాను.

ఏప్రిల్ 6

నిజమే. రవి కూడా ఎవరికీ కనిపించలేదు. హోర్డింగు వెనకాల ఉన్నాడు కదా.

ఏప్రిల్ 8

లతకు ఐదో నెల. ముద్ద ముందు పెట్టుకుని ఏడుస్తోంది. సదానందం రేపటి నుంచి మళ్లీ హోర్డింగులు ఎక్కుతాడట.

"మగ్గాల మీదికి రారాదు బిడ్డా, మామ చెప్తడు సేఠ్‌కు," అన్నాను.

"మగ్గం నాతోని కాదు అత్తమ్మా. చెవులు పోతయి. పైన గాలన్న ఉంటది."

"రవికి గూడ గాలే దొరికింది," అంది లత.

మధ్యాహ్నం అతని ఫోన్ అడిగి తీసుకుని సాహెబుకు చేశాను.

"వస్త సాహెబ్. నిలబడమన్నకాడ నిలబడుత. గా బోర్డులు కట్టే ఐదుగురికి బెల్టులు ఇయ్యిండ్రి. చొక్కా మీదికెల్లి కట్టుకుంటరు. మీ కంపెనీ పేరు రాసుకోండ్రి దాని మీద. పెద్దగ రాసుకోండ్రి."

అవతల నవ్వాడు.

"మాజీ, మీరు మా ఆఫీసుల ఉండాల్సినోళ్లు."

నేను నవ్వలేదు. ఫోన్ ఇచ్చేసి వచ్చి జెండాలు ముందేసుకున్నాను. కొడుకు నిమిషాన్ని బేరం పెట్టానా... పెట్టాను.

ఏప్రిల్ 12

బెల్టులు వచ్చాయి. ఎర్ర పట్టీ, తెల్ల అక్షరాలు, వెండిలా మెరిసే కొక్కెం. మా గల్లీలోనే ఐదుగురినీ వరసగా నిలబెట్టి ఫోటోలు తీశారు.

తీయకముందు అన్నీ నేను చూశాను. పట్టీని గోటితో గీకాను. అంచు పోగు లాగి పళ్ల మధ్య పెట్టి కొరికాను. ఒక పోగు దీపంలో పెడితే కరిగి ముత్యంలా ముడుచుకుంది, మసి కాలేదు, నైలానే. ఆయన ఒక కొస పట్టుకుంటే నేను ఒక కొస పట్టుకుని లాగాను, పిగలలేదు.

"గట్టిదేనా అత్తమ్మా?"

"ఏనుగును కట్టొచ్చు," అన్నాను.

"అత్తమ్మ పాస్ జేసిందంటే ఐపాయె," అని సదానందం మిగిలినవాళ్లకు చెప్పాడు. "సేఠ్ గూడ ఇన్ని తీర్ల చూడడు."

నా చేతులతోనే అతని నడుముకు కట్టాను. ఈ నెలలో మొదటిసారి లత నవ్వడం చూశాను.

ఒకటి ఎక్కువ తెచ్చారు. రవి ఫోటోకు దండలాగా వేయమన్నాడు సాహెబు. వేశాను. దాన్నీ ఫోటో తీశారు.

ఏప్రిల్ 16

నిన్న ముంబై.

చీర మీద కంపెనీ టీషర్టు తొడిగారు. వద్దంటే, "అందరూ వేసుకుంటరు మాజీ" అన్నారు. పెద్ద తెర మీద రవి... లత పెళ్లిలో దిగిన ఫోటో, పక్కన అది ఉండాలి, కోసేశారు. ఫోటో కింద కంపెనీ పేరు.

అంత మంది ఒక్కసారి లేచి నిలబడ్డారు. వాళ్లందరి చేతుల్లోనూ నేను దారాలు కత్తిరించిన జెండాలు, దించి పట్టుకున్నారు. ఆ కాసేపు నిజంగానే చప్పుడు లేదు. నా కొడుకు పేరు ఇంత మందికి తెలిసిందని గర్వపడ్డాను. ఎందుకు అబద్ధం రాయాలి, పడ్డాను.

అంతలోనే పటాకులు. మా ఆయన ఉలిక్కిపడి నా చేయి పట్టుకున్నాడు. డ్యాన్స్ పిల్లలు మా పక్క నుంచే పరిగెత్తారు. ఎవరో నా చేతిలో సీసా పెట్టారు, మూత తీసి. ఫోటో.

బస్సులో ఆయన ఒక్కటే మాట. "నిమిషం గాలే."

ముప్పై ఏళ్లుగా మగ్గం చప్పుడుతో కాలం తెలిసిన మనిషి. ఆయన కాలేదంటే కాలేదు.

ఏప్రిల్ 17

సీసా తాగలేదు. పారబోయనూ లేదు. అటక మీద ఉంది.

ఏప్రిల్ 21

సదానందం అన్నానికి వచ్చాడు. ఉషారుగా ఉన్నాడు. "ఎనుకట ఒక చెయ్యి ఫ్రేముకు, ఒక చెయ్యి పనికి ఉండేది అత్తమ్మా. ఇప్పుడు కొక్కెం తగిలిచ్చి రెండు చేతులు ఇడిచిపెట్టి కడుతున్న. జల్ది ఐతున్నది. ఠేకేదార్ ఖుష్."

ఇంకో రెండు ముద్దలు ఎక్కువ పెట్టాను.

బెల్టులు టీవీలో మూడుసార్లు కనిపించాయట. సాహెబు అతని వీపు తట్టాడట.

ఏప్రిల్ 24

వాడకట్టులో నా పేరు చెప్పుకుంటున్నారు. "రవి తల్లి కొట్లాడి తెచ్చింది." నీళ్ల కాడ ముందు నన్ను పట్టుకోమన్నారు. పట్టుకున్నాను.

నాకే ముందు తెలిసి ఉంటే వాడికీ ఇట్లాగే అడిగేదాన్ని కదా... పేరు రాసుకోండ్రి అని ఒక్క మాట.

ఏప్రిల్ 27

కళ్యాణ్ స్టేషను. ముంబై పోయే లోకల్ లేటు. లత పక్కన కూర్చుంది. ఆయన టికెట్ల లైనులో ఉన్నాడు. చేతులు ఊరికే ఉండటం లేదు, రాస్తున్నాను.

పొద్దున జెండాల ఆఖరి మూట పూర్తయింది. ఇవాళ ఆఖరు ఆట. మూట నేల మీద ఉంటే తడి పట్టుకుంటుందని రవి ఫోటో బెల్టు తీసి దూలానికి చుట్టి, కొక్కేనికి మూట తగిలించాను. తగిలించి చేయి తీశానో లేదో పడింది.

పట్టీకి ఏమీ కాలేదు. కొక్కెం రెండు ముక్కలు. వెండి రంగు పెచ్చు లేచింది. లోపల తెల్లటి ప్లాస్టిక్.

జెండాల మూట అది. పిల్లలైనా ఎత్తుతారు.

బట్ట చూశాను. గీకాను, కొరికాను, కాల్చాను. కొక్కెం వైపు చూడనే లేదు. ఇనుము మన పని కాదు కదా... మెరుస్తుంటే ఇనుమనుకున్నాను. దూరం నుంచి చూసేదానికి చేసిన బెల్టు. పేరున్న పట్టీకి పైసలు పెట్టారు. కొక్కెం మీద పేరు పట్టదు.

సాహెబును తిట్టాలంటే నోరు రావడం లేదు. ఏనుగును కట్టొచ్చన్నది నేను.

సదానందం తెల్లారకముందే పోయాడు. ముంబై మైదానంలో అన్నిటికంటే ఎత్తు బోర్డు ఇవాళే కడుతున్నారట. పైకెక్కేటప్పుడు ఫోన్ కింద సంచిలో పెడతాడు. లత చేస్తూనే ఉంది, మోగుతూనే ఉంది. ఈ డైరీ తెచ్చింది అందుకే, రవి రాసిన ఠేకేదార్ నంబరు ఉంది.

ఇప్పుడే ఎత్తాడు. వెనకాల పాటల మోత.

"మీదున్నడక్కా. బెల్టు కట్టుకున్నడు, ఫికర్ లేదు."

"కొక్కెం ప్లాస్టిక్‌ది అన్నా. ఇరిగింది ఇక్కడ. దించు. ఐదుగురిని దించు."

చెప్పింది అర్థమైంది అతనికి.

"దించుత అక్కా. ఒక్క మూలనే మిగిలింది. గా మూల కట్టి దిగుతడు."

పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తడం లేదు.

"ఏమన్నడే?" అంటోంది లత. దిగుతున్నడట అన్నాను.

ఒక్క మూల కట్టడానికి ఎంతసేపు పడుతుంది. రవి పేజీలు మొదటి నుంచి తిప్పి చూస్తున్నాను. అడుగులు రాశాడు. తాళ్లు రాశాడు. ఎంతసేపో ఎక్కడా రాయలేదు.

బండి వచ్చింది.