పదిన్నర ఆరాధన

ద్వారక,
మార్చి 3.

ప్రియమైన నాన్నకు,

జయశీల వందనాలు. హిందీ అన్న మాట వినబడగానే ఫోను పెట్టేస్తున్నావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో పెట్టేయలేవు. చించేయొచ్చు, నీ ఇష్టం.

ఇప్పుడే నైట్ డ్యూటీ దిగి ఆస్పత్రి నుంచి వచ్చాను. ఒళ్లు పులిసిపోయినా నిద్ర పట్టడం లేదు. ఇంట్లో మామయ్యగారు నీ పేరెత్తరు. నీ దగ్గర నేను ఆయన పేరెత్తకూడదు. ఆదివారం మెట్రో ఎక్కి ఫరీదాబాద్ వస్తే అందరికీ అదే స్కూలు హాలు. మీ ఆరాధన ఎనిమిదికి, మాది పదిన్నరకి. నువ్వు వెళ్లిపోయావని చూసుకుని మేం లోపలికొస్తాం. అసలు తెలుగువాళ్లమే ఎంతమందిమని నాన్నా, మనకి రెండు సంఘాలు?

ఆ క్రిస్మస్ గొడవ జరిగి ఏడాది దాటింది. నీ మనవరాలు జెనీఫర్ తెలుగు కీర్తన గడగడా అప్పజెప్పింది. నువ్వు మురిసిపోయి, అర్థం చెప్పమన్నావు. పిల్ల బిక్కమొహం వేసింది. నేను హిందీ అక్షరాల్లో రాసిచ్చి బట్టీ పట్టించానని అప్పుడే బయటపడింది. మామయ్యగారు లేచి, "బావగారూ, పిల్లలకి ఒక్క ముక్కా అర్థం కావట్లేదు, సగమైనా హిందీలో చెప్పండి" అన్నారు. నువ్వు మైకులోనే, "అర్థం కానివాళ్లు బయట కూర్చోండి" అన్నావు. బయటికెళ్లినవాళ్లు మళ్లీ నీ ఆరాధనకి రాలేదు, పదిన్నరకి హిందీలో వేరే పెట్టుకున్నారు.

ఒక్క ఆదివారం నీ ఆరాధన అయ్యాక ఉండిపో. మాతో కూర్చో. "తాతయ్య మనతో కట్టీనా, ఇక మాట్లాడడా?" అని నీ మనవరాలు అడుగుతోంది.

నీ మీద కోపం, బెంగ రెండూ ఉన్న నీ కూతురు,
జయ.


ఫరీదాబాద్,
మార్చి 10.

ప్రియ కుమార్తె జయశీలకు,

ప్రభువు పేరట శుభములు. ఉత్తరం చించలేదు. రెండుసార్లు చదివాను కూడా.

నేను ఈ ఊరొచ్చినప్పుడు మన నర్సులకి మన భాషలో ప్రార్థన చేసుకునే చోటే లేదు. మీ అమ్మ ఉండగా మా ఒంటి గదిలో మొదటి కూడిక పెట్టాం. ఆ రోజు ఒకమ్మాయి తెలుగు పాట ఎత్తుకోగానే అందరూ భోరుమన్నారు. ఎంత హిందీ నేర్చినా మనిషికి ఏడుపు సొంత భాషలోనే వస్తుందమ్మా. ప్రార్థన కూడా అంతే. దాన్ని సగం చేసి పంచిపెట్టమంటే ఎలా?

ఈ గొడవలోంచి దేవుడు మేలు తీస్తాడు. నాకు అనుమానం లేదు. వాళ్లంతా ఒకనాడు తిరిగొస్తారు. మీ మామగారు మళ్లీ ముందు వరసలో కూర్చుంటారు. అంతవరకు కనిపెట్టుకుని ఉంటాను.

మోకాళ్ల సంగతి అడగకు. పోయిన వారం వాక్యం చెబుతూ బల్ల పట్టుకుని నిలబడ్డాను. వినడానికి పెద్దవాళ్లు తప్ప ఎవరూ మిగల్లేదు. వాళ్లలోనూ సగంమంది కునికిపాట్లు పడుతున్నారు. ఏమనగలను, నాకే కునుకొస్తోంది.

పట్టు వదలని మీ నాన్న,
నథానియేలు.


ద్వారక,
మార్చి 22.

ప్రియమైన నాన్నకు,

దేవుడు మేలు చేస్తాడని నేనూ నమ్ముతాను. కానీ మేలంటే నువ్వు గెలవడమేనా? ఎవరు రావాలో, ఏ వరసలో కూర్చోవాలో కూడా నువ్వే తేల్చేశావు. ఇక ఆయన చేయడానికి ఏం మిగిల్చావు?

నాకు ఓపిక అయిపోయింది. అక్కడ నీకూ, ఇక్కడ మామయ్యగారికీ సర్దిచెప్పి సర్దిచెప్పి విసుగెత్తింది. ప్రార్థన చేద్దామని మోకరిస్తే అలాగే మంచానికి తల ఆనించి నిద్రపోతున్నాను. రమ్మని ఇక అడగను. మోకాలు మాత్రం డాక్టరుకి చూపించుకో.

అలిసిపోయిన,
జయ.


ఫరీదాబాద్,
ఏప్రిల్ 6.

ప్రియమైన జయమ్మకు,

నిన్న ఆదివారం నువ్వు డ్యూటీలో ఉన్నావట. ఇక్కడ జరిగింది మీ మామగారు చెప్పి ఉండరు, నేనే చెబుతాను.

నేను కావాలని ఉండిపోలేదు. నీ మాట విన్నానని సంబరపడకు. మా ఆరాధన అయ్యాక మోకాలు పట్టేసింది. చివర్న స్తంభం వెనక ఓ కుర్చీలో కూలబడ్డాను. లేచేలోగా మీవాళ్లు వచ్చేశారు. వాళ్ల కళ్ల ముందు కుంటుకుంటూ వెళ్లడానికి పౌరుషం అడ్డొచ్చి, అలాగే కూర్చున్నాను.

పిల్లలంతా ముందు వరసల్లో ఉన్నారు. ఆ హిందీ పాస్టరు ఏదో అడిగితే చేతులెత్తారు. ఒకడు ఎదురు ప్రశ్న కూడా వేశాడు. నా ప్రసంగంలో ఇన్నేళ్లూ ఒక్క పిల్లవాడు నన్ను ప్రశ్న అడగలేదు. అది భయభక్తులనుకున్నాను.

ప్రార్థన ఎవరు చేస్తారంటే మన జెనీఫర్ లేచింది. చేతిలో కాగితం లేదు. స్నేహితురాలి జ్వరం గురించి చెప్పింది, నీ నైట్ డ్యూటీల గురించి చెప్పింది. తర్వాత, "ప్రభూ, తాతయ్య బహుత్ థక్ గయే హై. ఉన్హే ఆరామ్ దో" అంది. కూరగాయల భయ్యాలతో ఇన్నేళ్లు బేరాలాడినవాణ్ణి, ఆ మాత్రం హిందీ నాకొచ్చు. తాతయ్య బాగా అలిసిపోయాడట, విశ్రాంతి ఇమ్మంటోంది. నేను వెనకే ఉన్నానని దానికి తెలియదు. హాలంతా ఆమెన్ అంది. అందరికంటే గట్టిగా అన్నది మీ మామగారు. ఆయనకీ తెలియదు.

నాకు ఏడుపొచ్చింది జయమ్మా. అలిసిపోయానని నేను దేవుడితో కూడా ఒప్పుకోలేదు. ఆ పిల్ల చెప్పేసింది.

ఆ క్రిస్మస్ గొడవ జరగకపోతే అది ఈపాటికి ఇంకో కీర్తన అర్థం తెలియకుండా అప్పజెబుతూ ఉండేది. మేలు ఎప్పుడొస్తుందా అని నేను కాచుక్కూర్చున్నాను. ఆ మేలు ప్రతి ఆదివారం నేను ఇంటికెళ్లిపోయాక జరుగుతోంది. సంతోషంగా ఉందా అంటే ఉంది. కానీ నా చేతుల మీదుగా కాలేదని బాధ కూడా ఉంది. అబద్ధం ఎందుకు?

ఆరాధన ముగిశాక అందరూ వెనక్కి తిరిగారు. మీ మామగారు నన్ను చూసి అక్కడే ఆగిపోయారు. తర్వాత దగ్గరకొచ్చారు. క్రిస్మస్ గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. "లేవగలరా బావగారూ?" అని చెయ్యి చాపారు.

లేవలేనని చెప్పాను. ఆ చెయ్యి పట్టుకున్నాను.

ప్రేమతో,
మీ నాన్న.