పిచ్చుకకు రెండంగుళాల బ్రష్షు

విజయనగరం, మంగళవారం

నాకు నేనే చెప్పుకుంటున్నాను: నీది ఒట్టి అసూయ. దానికి సిద్ధాంతం పేరు పెట్టకు.

నరసన్నపేటలో బట్టల కొట్టు నడిపే బావమరిది ఇవాళ వంశధార గులకరాయి మీద ఇంకో పిచ్చుక బొమ్మ వేసి తెచ్చాడు. మా ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని అలా చూస్తూనే ఉంది. నా వ్యాసం ఒక్కటైనా ఆమె అంతసేపు చూడలేదు.

అతని మొదటి రాయి చూసి పోయిన వారం నేనూ ఒక రాయి మీద పిచ్చుకను వేశాను. ముప్పై ఏళ్లుగా గోడల మీద పార్టీ నినాదాలు రాస్తున్న రెండంగుళాల బ్రష్షుతోనే, ఆ ఎనామిల్ రంగుతోనే. ఇవాళ అతను దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఏటి బావ, గేదెకి రెక్కలెట్టినావేటి? ఇది గోడ కాదు. సన్నటి సున్నా నంబరు బ్రష్షు అట్టుకో. కంటికైతే అగ్గిపుల్ల సాలు."

ఇదంతా తీరికున్న వర్గం కళ అని వాదించాను.

"రేతిరి కొట్టు కట్టేసినాకే ఏస్తన్నాను బావ."

ఆవిడ నవ్వింది. నేను డైరీ తీశాను.

నా డిమాండ్లు:
సన్న బ్రష్షులు మూడు కావాలి.
నీళ్లలో కలిసే రంగులు కావాలి.
నున్నటి రాళ్లు కావాలి, నేనే ఏరుకుంటాను.
ఒక్క పిచ్చుకైనా కుదిరేదాకా బావమరిది ఈ గడప తొక్కకూడదు.
అది చూసి ఆవిడ, నేను అడక్కుండానే, బాగుందనాలి.