మా చేని మీద ఆరిపోయిన వాన

ఓర్వకల్లు, 9-7-56

పెద్దన్నకు తమ్ముడు ఉరుకుందు దండాలు. ఒళ్ళు బాగానే ఉంది. ఇల్లరికపుటల్లుణ్ణి, నలుగురిలో తిరగడానికే ముఖం చెల్లడం లేదు.

పోయిన వారం పంచాయతీ రేడియోలో, రాయలసీమలో అక్కడక్కడ జల్లులు పడతాయన్నారు. వాన పడ్డాకే విత్తుదామన్న మామను నేనే తొందరపెట్టి పొడి దుక్కిలో కొర్రలు వేయించాను. సాయంత్రం మబ్బు కమ్మింది. దాని కింద చినుకులు తెరలా వేలాడాయి గానీ, ఎండు గాలిలో నేలకు దిగకముందే ఆవిరైపోయాయి. మబ్బు మీ నల్లమల వైపు సాగిపోయింది. ఇలా జరుగుతుందని బడిలో పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి నేనే. విత్తనాన్ని చీమలు మోసుకుపోయాయి.

మామ తిట్టలేదు. నిన్న అరుగు మీద అందరి ముందూ, "ఏమప్పా అయివారూ, రేడియో ఈ పొద్దు ఏమంటాండాది?" అన్నాడంతే.

పునర్వసు కార్తె పోకముందే కొర్ర విత్తనాలు బస్సులో ఎవరితోనైనా పంపు. ఎర్రావు ఈనిందా? అమ్మకు దగ్గు తగ్గిందా? వదినకు దండాలు, పిల్లలకు దీవెనలు.

ఆ మబ్బు ఆత్మకూరులో మీకు కురిసే ఉంటుంది. కురిసినా జవాబులో రాయవద్దు. వచ్చిన కార్డు నా చేతికి రాకముందే మామ పోస్టుమాన్ చేత అరుగు మీద పైకి చదివిస్తాడు.