నాలుగింటిలోగా గ్రూపులో పెట్టిన బొమ్మ

మండల విద్యాధికారి గారికి,

అయ్యా,

విషయం: ఉపాధ్యాయులకు ఉపయోగపడు ఆన్‌లైన్ వనరుల జాబితా నుండి 19వ వనరును తొలగించుట, ఒక పిల్లను తండ్రికి అప్పగించుట – ఈ రెండు ఉత్తర్వులను నిలుపుదల చేయుట గురించి.

నేను మూడవ తరగతి టీచరును. ఇరవై ఒక్క ఏళ్ల సర్వీసు. కుడిచేయి మూడుచోట్ల విరిగినందున ఎడమచేత్తో వ్రాయుచున్నాను. దస్తూరీని మన్నించగలరు.

1. తమరు పంపిన జాబితాలో నలభై ఆరు లింకులున్నవి. అబద్ధమెందుకు, చాలావరకు మంచివే. ఎక్కాల పాట పుణ్యమా అని ఏడో ఎక్కం దాటని మొద్దులు కూడా పన్నెండు దాకా వెళ్లారు. 19వది "మా ఇంట్లో ఒక రోజు" అను బొమ్మల కాగితం. అచ్చు తీసి పంచితే పిల్లలు గళ్లలో బొమ్మలు గీస్తారు: పొద్దున, సాయంత్రం, భయం వేసినప్పుడు. ఆఖరి గడిలో "ఎవరికి చెప్తావు?" అని ఉంటుంది.

2. మేము పిచ్చుక అని పిలుచుకునే ఎనిమిదేళ్ల పిల్ల, భయం గడిలో తలుపు దగ్గర పడి ఉన్న అమ్మను, బెల్టు పట్టుకున్న నాన్నను గీసింది. అటక మీద తనను గీసుకుంది. ఆఖరి గడిలో "టీచర్‌కి" అని వ్రాసింది.

3. ప్రతి కృత్యానికీ సాక్ష్యంగా ఫోటోలను నాలుగింటిలోగా తల్లిదండ్రుల ఫోన్ గ్రూపులో పెట్టవలెనని, లేనిచో సంజాయిషీ ఇవ్వవలెనని తమరి ఉత్తర్వు. మంగళవారం మూడు యాభైకి ముప్పై ఒక్క కాగితాలనూ వరసగా ఫోటో తీసి, చూడకుండానే పెట్టేశాను. మేమంతా ఎప్పుడూ అలాగే చేస్తాము. ఆ పిల్ల నాకు చెప్పుకుంది. నేను, గ్రూపులో ఉన్న వాళ్ల నాన్నకి చెప్పాను. బొమ్మను నేను సరిగ్గా చూసింది ఆసుపత్రి మంచం మీద.

4. ఆ సాయంత్రమే వాడు భార్య దవడ విరగ్గొట్టాడు. ఆమె ఇప్పటికీ ఆసుపత్రిలో గొట్టంతో తాగుతోంది. పిల్లను అటక మీంచి కాలు పట్టి ఈడ్చాడు. మర్నాడు వాచిన చెవితో బడికొచ్చిన పిల్ల, హాజరు పిలిస్తే వినబడక పలకలేదు.

5. పదకొండింటికి భాగహారాలు చెప్తుండగా వాడే వచ్చాడు. వడ్రంగి. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో సుత్తి. "ఏం టీచరమ్మా, మా ఇంటి గుట్టంతా అందరికీ పంచిపెడతావా? ఇదీ ఫోటో తీసి పెట్టు" అన్నాడు. పిల్ల జుట్టు పట్టుకోబోతే అడ్డం వెళ్లాను. కుర్చీ ఎత్తి తల మీద వేశాడు. నేను కూలబడ్డాక నా చేతిని బల్ల మీద ఆనించి, మేకు దిగ్గొట్టినట్టు మూడు దెబ్బలు కొట్టాడు. పిల్లలంతా చూశారు. ముందు బెంచీ వాళ్ల నోటుపుస్తకాల మీద నా రక్తం పడింది. ప్రధానోపాధ్యాయులవారు పక్కగదిలో తమరికి నివేదిక అప్‌లోడ్ చేస్తున్నారట, చక్రం తిరుగుతూనే ఉందట. బడి ఆయా గంట కొట్టే ఇనుపకడ్డీతో వాడి మోకాలి మీద రెండు వేసింది కాబట్టి ఈ అర్జీ పెట్టుకోవడానికి నేను మిగిలాను. ఆమెకు మెమో ఇచ్చారు.

6. దీనిపై తమరి చర్యలు: "కుటుంబ కలహములకు దారితీయుచున్నందున" 19వ వనరు తొలగింపు. వాడు జామీను మీద బయటికొచ్చి క్షమాపణ పత్రం ఇచ్చినందున, నేను మా ఇంట్లో ఉంచుకున్న పిల్లను శుక్రవారం పదింటికి తమ కార్యాలయంలో "సహజ సంరక్షకునికి" అప్పగించుట. "పోనీలెండి టీచర్, ఎంతైనా కన్నతండ్రి కదా" అన్నారు ప్రధానోపాధ్యాయులు. కన్నతండ్రట. వాడి పీక పిసికి చంపాలని ఉందండీ నాకు. పిల్లలకు ఎక్కాలు చెప్పే నోరు ఇది, అయినా నిజంగానే చంపాలని ఉంది.

కావున, ఏడాదిగా నా కంటబడని సంగతిని ఒక్క గంటలో బయటపెట్టిన ఆ కాగితాన్ని జాబితాలోనే ఉంచవలెను. గ్రూపులో ఫోటోలు పెట్టించుట మానవలెను. తల్లి కోలుకునే వరకు పిల్లను నా దగ్గరే ఉండనివ్వవలెను. ఈ మనవిని శుక్రవారం పదిగంటలకు ముందే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మూడవ తరగతి టీచరు

తా.క. పైదంతా పద్ధతి ప్రకారం వ్రాశాను. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, శుక్రవారం నేనొక్కదాన్నే వస్తాను. పిల్లను ఈ పొద్దునే ఇంకోచోటికి పంపేశాను. ఉద్యోగం తీసేస్తే తీసేయండి, జైల్లో పెట్టిస్తే పెట్టించండి. తను ఎక్కడుందో మాత్రం ఈసారి ఎవరికీ చెప్పను.